మెదడులో పెట్టిన పరికరానికి ట్రయల్ ముగిశాక దిక్కెవరు?

సంపాదకులకు,

మెదడులో చిప్ అమర్చిన మనిషి ఆలోచనతోనే కంప్యూటర్ కర్సర్‌ను కదిపాడనీ, ఏళ్ల కిందట మాట పడిపోయినవారు తెర మీద మళ్లీ మాట్లాడగలిగారనీ పత్రికల్లో తరచూ చదువుతున్నాం. అవి నిజమైన విజయాలు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెదడు సంకేతాలను నిమిషానికి 62 పదాల వేగంతో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 78 పదాల వేగంతో భాషగా మార్చి చూపించారు. అయితే ఈ వార్తలు ఆపరేషన్ రోజు దగ్గరో, తొలి ఫలితం దగ్గరో ఆగిపోతాయి. ట్రయల్ ముగిశాక ఆ పరికరం బ్యాటరీ ఎవరు మారుస్తారు? తీగ తెగితే ఎవరు బాగుచేస్తారు? కంపెనీ మూతపడితే దాన్ని బయటికి తీయడానికి డబ్బు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిచ్చి, అందుకు కావలసిన డబ్బు ముందే పక్కన పెట్టించనిదే, పరిశోధనల నైతికతను పరిశీలించే ఏ ఎథిక్స్ కమిటీ కూడా మెదడు ఇంప్లాంట్ ట్రయల్‌కు అనుమతి ఇవ్వకూడదన్నది మా వాదన.

మందుల ట్రయల్‌లో ఈ చిక్కు ఇంతగా ఉండదు. మాత్ర ఆపేస్తే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో ఒంట్లోంచి పోతుంది. పరికరం అలా పోదు. మెదడు లోతుల్లోకి విద్యుత్తు పంపే చికిత్సల్లో ఎక్కువమందికి అమర్చిన డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌నే, అంటే డీబీఎస్‌నే తీసుకుందాం. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్, పొల్లాక్‌ల బృందం వణుకు తగ్గించడానికి మెదడు లోపలి థాలమస్ అనే భాగంలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ విద్యుత్తు వాడడంతో ఈ చికిత్స నేటి రూపం తీసుకుంది. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్స్ వ్యాధికి అనుమతి ఇచ్చింది. 2009లో తీవ్రమైన ఓసీడీకి, అంటే అక్కర్లేని ఆలోచనలు వదలకుండా వేధిస్తూ చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బుకు, పరిమిత అనుమతి వచ్చింది. ఇందులో పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సుమారు 1.27 మిల్లీమీటర్ల మందమున్న తీగను మెదడు లోతుల్లోకి దించుతారు. సాధారణ రకంలో దాని చివర 1.5 మిల్లీమీటర్ల పొడవున్న కాంటాక్టులు, అంటే కరెంటును మెదడుకు అందించే లోహపు భాగాలు, నాలుగు ఉంటాయి. అక్కడి నుంచి మరో తీగ చెవి వెనుకగా, మెడ చర్మం కిందుగా వచ్చి కాలర్ ఎముక కింద ఉండే, బ్యాటరీతో కరెంటు పల్సులు పుట్టించే పల్స్ జనరేటర్‌కు కలుస్తుంది. పార్కిన్సన్స్‌లో సెకనుకు 130 పల్సులు, ఒక్కో పల్సు 60 మైక్రోసెకన్లు, రెండు మూడు మిల్లీయాంపులు అన్నది మామూలుగా మొదలుపెట్టే అమరిక. ఏ కాంటాక్టు వాడాలి, ఎంత కరెంటు ఇవ్వాలి అన్నది తేల్చడానికి కొన్ని నెలలు, పలు విజిట్లు పడుతుంది. అదంతా ఆ కంపెనీ ప్రోగ్రామర్ అనే యంత్రంతో, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే చేయాలి.

రీచార్జ్ చేయనక్కర్లేని జనరేటర్ మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. ఓసీడీ, డిప్రెషన్‌లలో ఎక్కువ కరెంటు కావలసి రావడంతో ఏడాది, రెండేళ్లకే అయిపోవడమూ ఉంది. బ్యాటరీ విడిగా ఊడదు కాబట్టి జనరేటర్ మొత్తం మార్చాలి. నలభై ఏళ్ల వయసులో ట్రయల్‌లో చేరిన మనిషి ఇంకో ముప్ఫై ఐదేళ్లు బతుకుతారనుకుని, జనరేటర్ నాలుగేళ్లు నిలుస్తుందని లెక్కవేసినా, జీవితకాలంలో ఎనిమిది ఆపరేషన్లు తప్పవు. ఛాతీ మీద అదే చోటును తెరిచిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది. రీచార్జ్ రకం పదిహేనేళ్ల దాకా వస్తుంది. అయితే రోగి దాన్ని క్రమం తప్పకుండా చార్జ్ చేసుకోవాలి, చార్జర్ పాడైతే కొత్తది దొరకాలి. తీవ్రమైన డిప్రెషన్‌లో మంచం దిగలేని మనిషికి ఈ పని ఎంత కష్టమో సమ్మతి పత్రం రాసేవాళ్లు ఆలోచించడం అరుదు.

బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది? పార్కిన్సన్స్‌లో వణుకు నిమిషాల్లో తిరిగొస్తుంది. బిగుసుకుపోవడం, కదలిక మందగించడం ఆ తర్వాత కొన్ని గంటల్లో పెరుగుతాయి. ఏళ్ల తరబడి స్టిమ్యులేషన్ మీద ఉన్న కొందరిలో అది ఉన్నట్టుండి ఆగితే ఒళ్లంతా కొయ్యబారి, జ్వరం పెరిగి, మింగుడు పడక ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు మందు మోతాదు పెంచినా చాలా సందర్భాల్లో ఆ లోటు తీరదు. వీలైనంత త్వరగా మళ్లీ స్టిమ్యులేషన్ మొదలుపెట్టడమే దారి. ఓసీడీ, డిప్రెషన్ ఉన్నవారిలో గంటల్లోనో రోజుల్లోనో పాత లక్షణాలు విరుచుకుపడతాయి, ఆత్మహత్య ఆలోచనలు తిరిగి రావచ్చు. ఖాళీ అవుతున్న బ్యాటరీని అత్యవసర పరిస్థితిగానే చూడాలి. ట్రయల్ పూర్తయిందన్న కారణంతో దాన్ని వాయిదా వేయడానికి ఏ ఆసుపత్రికీ హక్కు లేదు.

అసలు చిక్కు ట్రయల్ విఫలమైనప్పుడు మొదలవుతుంది. 2005లో నాడీ వైద్యురాలు హెలెన్ మేబర్గ్ బృందం, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న ఆరుగురికి మెదడులో ఏరియా 25 అనే చోట డీబీఎస్ ఇచ్చింది. వారిలో నలుగురికి నిలకడైన మేలు కనిపించింది. ఆ ఆశతో ఒక కంపెనీ బ్రాడెన్ అనే పెద్ద ట్రయల్ చేపట్టింది. 90 మందికి పరికరం అమర్చి, ఆరు నెలల పాటు కొందరికి స్టిమ్యులేషన్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఎవరు ఏ వర్గమో రోగులకు చెప్పలేదు. ఇచ్చినవారిలో 20 శాతం, ఇవ్వనివారిలో 17 శాతం మెరుగయ్యారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది. మధ్యలో చేసిన విశ్లేషణలో గెలిచే అవకాశం తక్కువని తేలడంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. 2017లో ప్రచురించిన ఫలితాల్లో ఇంకో విషయమూ ఉంది. అందరికీ స్టిమ్యులేషన్ ఇచ్చి రెండేళ్లు గమనిస్తే సుమారు సగం మంది మెరుగయ్యారు. ఆ దశలో పోల్చి చూడడానికి స్టిమ్యులేషన్ ఇవ్వని కంట్రోల్ వర్గం లేదు కనుక దీన్ని రుజువుగా తీసుకోలేం. అయినా ఏళ్ల తరబడి ఏ చికిత్సా పనిచేయని జబ్బు దానంతటదే ఇంతమందిలో తగ్గుముఖం పట్టడం మామూలుగా జరిగేది కాదు. ఆరు నెలల గడువే తప్పుగా పెట్టారా, ఎలక్ట్రోడ్ పెట్టిన చోటు సరిపోలేదా అన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. తర్వాత నరాల దారులను ఎంఆర్‌ఐ ట్రాక్టోగ్రఫీతో ఒక్కో రోగిలో విడిగా గుర్తించి, నాలుగు దారులు కలిసే చోట ఎలక్ట్రోడ్ పెట్టిన చిన్న అధ్యయనంలో, 2018 నివేదిక ప్రకారం, ఏడాది తిరిగేసరికి 11 మందిలో 9 మంది మెరుగయ్యారు. కంట్రోల్ వర్గం ఇందులోనూ లేదు.

ఇక్కడ రెండు సత్యాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గణాంకాల ప్రకారం చికిత్స నిరూపణ కాలేదు. అదే చికిత్స మీద ఆధారపడి మంచం దిగి, ఉద్యోగానికి వెళ్తున్న మనుషులు ఉన్నారు. నిరూపణ కాలేదు కాబట్టి ఇది ప్రయోగమేనని బీమా సంస్థ చెల్లించదు. ట్రయల్ ముగిసింది కాబట్టి బాధ్యత తీరిందని ట్రయల్ చేయించిన స్పాన్సర్ అంటాడు. తమ బడ్జెట్‌లో అలాంటి పద్దే లేదని ఆసుపత్రి అంటుంది. ఈ ముగ్గురి మధ్యా రోగి బ్యాటరీ మాత్రం రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది. ట్రయల్ మొత్తంగా ఓడినా ఆ మనిషికి మేలు జరిగిందని స్వతంత్ర వైద్యుడు నిర్ధారిస్తే, ఆ మనిషికి కొనసాగింపు దక్కాలి. దీనికి వేరే న్యాయం ఉందని మేము అనుకోవడం లేదు.

కంపెనీయే కనుమరుగైతే సంగతి ఇంకా ఘోరం. న్యూరోవిస్టా అనే కంపెనీ మూర్ఛ రాబోతోందని ముందే హెచ్చరించే పరికరాన్ని మెల్‌బోర్న్‌లో 15 మందికి అమర్చింది. మెదడు ఉపరితలం నుంచి సంకేతాలు తీసుకుని, చేతిలో పట్టుకునే యంత్రం మీద ప్రమాదం ఎక్కువైతే ఎర్ర దీపం, తక్కువైతే నీలి దీపం వెలిగించేది. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. డబ్బు అయిపోవడంతో కంపెనీ ఆగిపోయింది, పరికరాలు తీసేశారు. దాన్ని తన నుంచి తీయవద్దని వేడుకున్న ఒక రోగి అనుభవాన్ని టాస్మేనియా విశ్వవిద్యాలయానికి చెందిన నైతికవేత్త ఫ్రెడరిక్ గిల్బర్ట్ నమోదు చేశారు. ఆ పరికరంతోనే తాను తానైనట్టు భావించిన మనిషికి, తీసివేత తర్వాత తనలో ఒక భాగం పోయినట్టే అనిపించింది. ఒక కంటి చుట్టూ భరించలేని నొప్పి పదేపదే వచ్చే క్లస్టర్ తలనొప్పికి పరికరం చేసిన ఆటానమిక్ టెక్నాలజీస్ 2019లో మూతపడింది. చిగురు దగ్గర కోసి ముఖం లోపలి నాడీ ముడి పక్కన పెట్టే ఆ పరికరాన్ని 700 మందికి పైగా అమర్చుకున్నారు. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ వారి వైద్యులకు అందకుండా పోయింది. సెకండ్ సైట్ కంపెనీ 60 ఎలక్ట్రోడ్లతో చేసిన ఆర్గస్ టూ అనే, చూపు పోయినవారి కంటి లోపలి రెటీనా పొర మీద అమర్చే ఇంప్లాంట్‌ది మరీ ముఖ్యమైన ఉదాహరణ. ఎందుకంటే అది ట్రయల్ దశలో లేదు. 2011లో యూరప్ అనుమతి, 2013లో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది, ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా అమర్చారు. 2019లో కంపెనీ తయారీ ఆపేసింది, 2020లో ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. కళ్లజోడుకు అనుబంధంగా పనిచేసే వీడియో ప్రాసెసర్ పాడైనవారికి కొత్తది దొరికే దారి మూసుకుపోయింది, కంటి లోపలి భాగం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంటి యజమాని లోపలే ఉండగా తాళంచెవి పట్టుకున్నవాడు ఊరు విడిచి పోయినట్టు తయారైంది వీళ్ల పరిస్థితి.

నిరుపయోగమైన పరికరాన్ని అలాగే వదిలేస్తే నష్టమేమిటని కొందరు అడుగుతారు. ఎంఆర్‌ఐ యంత్రం పంపే రేడియో తరంగాలకు లోపలి తీగ యాంటెనాలా స్పందించి కొనలో వేడెక్కుతుంది. ఎంత బలమైన అయస్కాంత క్షేత్రంలో, తరంగాలు పంపే ఏ కాయిల్‌తో, ఎంత శక్తి దాకా సురక్షితమో ప్రతి మోడల్‌కూ విడిగా తేల్చిన షరతులు ఉంటాయి. కంపెనీ లేకపోతే ఆ షరతులు చెప్పేవారుండరు. అలాంటప్పుడు ఏ రేడియాలజిస్టూ స్కాన్ చేయడానికి సాహసించడు. రేపు అదే మనిషికి వెన్నులో గడ్డ అని అనుమానం వచ్చినా ఎంఆర్‌ఐ దక్కదు. ఫిజియోథెరపీలో లోతు కణజాలానికి వేడినిచ్చే షార్ట్‌వేవ్ డయాథర్మీ డీబీఎస్ ఉన్నవారికి పూర్తిగా నిషిద్ధం. ఆ శక్తి తీగ గుండా మెదడుకు చేరి తీవ్రమైన గాయం చేసిన ఘటనలు నమోదయ్యాయి. జనరేటర్ పనిచేయకపోయినా ఈ ప్రమాదం పోదు, తీగ లోపల ఉంటే చాలు. ఇక తీయడం సంగతి. కొన్ని నెలలు గడిచేసరికి తీగ చుట్టూ పీచు కణజాలం తొడుగులా కట్టుకుంటుంది. తల మీద, చెవి వెనుక, ఛాతీ మీద మూడు చోట్ల తెరవాలి. మెదడులోని తీగను లాగేటప్పుడు రక్తస్రావం జరిగే ప్రమాదం తక్కువే, లేకపోలేదు. అందుకే వదిలేయాలా, తీయాలా అన్నది రోగితో కూర్చుని తేల్చాలి. దానికి సమయమూ డబ్బూ రెండూ ఉండాలి.

ఒక సాంకేతిక పరిష్కారం మన కళ్లెదుటే ఉంది. గుండె పేస్‌మేకర్ల తయారీదార్లు దశాబ్దాల కిందటే ఐఎస్-1 అనే ఉమ్మడి కనెక్టర్ ప్రమాణానికి ఒప్పుకున్నారు. అందువల్ల ఒక కంపెనీ తీగకు మరో కంపెనీ జనరేటర్ తగిలించవచ్చు. మెదడు పరికరాల్లో అలాంటి ఉమ్మడి ప్రమాణం స్థిరపడలేదు. అడాప్టర్‌తో ఎలాగో కలిపినా, ఆ జోడీని ఎవరూ పరీక్షించి ఉండరు కాబట్టి ఎంఆర్‌ఐ భద్రత హామీ పోతుంది. అనుమతి ఇచ్చే నియంత్రణ సంస్థలు ఉమ్మడి కనెక్టర్‌ను షరతుగా పెడితే కంపెనీ మూతపడినా జనరేటర్ మార్చే దారి మిగులుతుంది.

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం రాసిన నైతిక సూత్రాలైన హెల్సింకీ ప్రకటనలోని 34వ పేరా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ట్రయల్ మొదలయ్యే ముందే, మేలు జరిగి ఇంకా ఆ చికిత్స అవసరమైనవారికి తర్వాత ఏర్పాట్లు చేయాలని, ఆ వివరాలు సమ్మతి పత్రంలో చెప్పాలని అది కోరుతుంది. 2024 అక్టోబరు సవరణ దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది, మినహాయింపు కావాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదించాలంది. కానీ కాగితం మీద ‘వీలును బట్టి ఏర్పాటు చేస్తాం’ అన్న ఒక్క వాక్యంతో చాలా కమిటీలు తృప్తిపడుతున్నాయి. కమిటీ అడగాల్సింది అంకెలు. ఎంతమందికి, ఎన్నేళ్లకు, ఎన్ని జనరేటర్లు, ఏ ఖాతాలో ఎంత డబ్బు? ఆ ఖాతా కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్లు ముట్టుకోలేని ట్రస్టులో ఉందా? ప్రోగ్రామర్లు, సాఫ్ట్‌వేర్, దాని సోర్స్ కోడ్, ఎంఆర్‌ఐ షరతుల పత్రాలు మూడో పక్షం దగ్గర భద్రంగా దాచారా? కంపెనీ లేకుండా పోతే వాటిని ఏ ఆసుపత్రి తీసుకుంటుంది, అక్కడ నేర్పరి ఎవరు? పరికరం నమోదు చేసిన మెదడు డేటా కంపెనీ అమ్ముడుపోతే ఎవరికి పోతుంది? 2023లో చిలీ సుప్రీంకోర్టు ఒక మాజీ సెనేటర్ మెదడు డేటాను తొలగించమని ఒక హెడ్‌సెట్ కంపెనీని ఆదేశించింది. తల పైన పెట్టుకునే పరికరానికే అంత రక్షణ అవసరమైతే తల లోపలి దానికి ఎంత కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ భారం మోపితే చిన్న కంపెనీలు పరిశోధనే మానేస్తాయన్న అభ్యంతరం తేలికగా తీసిపారేయదగ్గది కాదు. మొదటిసారి మనుషుల్లో చేసే ట్రయల్ చాలావరకు చిన్న కంపెనీలదే. అందుకే మొత్తం బరువు ఒక్కరి మీదే వేయమనడం లేదు. ట్రయల్‌కు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు, పరికర తయారీదార్లు కలిసి ఉమ్మడి నిధి పెట్టవచ్చు, తప్పనిసరి బీమా తీసుకోవచ్చు. జీవితాంతం వైద్యం ఇస్తామంటే రోగులు ఆ ఆశకే ట్రయల్‌లో చేరతారన్న మరో వాదన మాకు బలహీనంగా కనిపిస్తుంది. పుర్రె తెరిపించుకున్న మనిషికి ఆ ఆపరేషన్ వల్లే వచ్చిన అవసరాన్ని తీర్చడం ఎర అనిపించుకోదు.

సమ్మతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. నిర్ణయ సామర్థ్యాన్ని నాలుగు కోణాల్లో చూస్తారు. సమాచారం అర్థమైందా, అది తనకే వర్తిస్తుందని గ్రహించారా, లాభనష్టాలు బేరీజు వేయగలరా, స్థిరంగా ఒక ఎంపిక చెప్పగలరా అన్నవి అవి. తీవ్రమైన డిప్రెషన్‌లో మొదటిది సాధారణంగా చెడదు. దెబ్బతినేది రెండోది. ‘నాకేమైనా పర్లేదు’ అనుకునే మనిషి రక్తస్రావం ప్రమాదాన్ని వింటాడు, తన ప్రాణానికి దాన్ని అన్వయించుకోడు. దీనికి తోడు, పరిశోధన కోసం చేసేదంతా తన వైద్యం కోసమే చేస్తున్నారని నమ్మే పొరపాటు ఉంది. అమెరికా మానసిక వైద్యుడు అపెల్‌బామ్, ఆయన సహచరులు 1982లోనే దీన్ని గుర్తించి వివరించారు. అందుకే సమ్మతి తీసుకునేది పరిశోధనా బృందానికి చెందని వైద్యుడై ఉండాలి. పత్రం ఇచ్చిన రోజే సంతకం తీసుకోకూడదు. చివర్లో అవును, కాదు అని టిక్కులు పెట్టించే బదులు రోగి చేత సొంత మాటల్లో చెప్పించాలి. ‘ట్రయల్ మధ్యలో ఆగిపోతే మీ తలలోని పరికరం ఏమవుతుంది?’ అని అడిగినప్పుడు ‘డాక్టర్లే చూసుకుంటారులెండి’ అని జవాబొస్తే సమ్మతి ఇంకా జరగలేదని అర్థం, సంతకం ఉన్నా సరే.

పరికరం ఆన్‌లో ఉన్నప్పుడు, ఆఫ్‌లో ఉన్నప్పుడు మనిషి నిర్ణయమే మారిపోవచ్చు. నెదర్లాండ్స్ వైద్యులు 2004లో ప్రచురించిన ఒక కేసులో 62 ఏళ్ల పార్కిన్సన్స్ రోగికి స్టిమ్యులేషన్ ఇస్తే కదలగలిగేవాడు, అదే సమయంలో మేనియాలోకి, అంటే అదుపులేని ఉద్రేక స్థితిలోకి వెళ్లి విచక్షణ కోల్పోయేవాడు. ఆపితే విచక్షణ ఉండేది, మంచం మీంచి కదల్లేకపోయేవాడు. మందులు పనిచేయలేదు. వైద్యులు పరికరం ఆపి, ఆయన విచక్షణతో ఉన్న స్థితిలో ఏం కావాలని అడిగారు. స్టిమ్యులేషన్ కొనసాగిస్తూ మానసిక చికిత్సాలయంలో ఉండడాన్ని ఆయన ఎంచుకున్నాడు. ఆ పద్ధతి సరైనదేనని మా అభిప్రాయం. ట్రయల్ తర్వాత పరికరం ఉంచాలా, ఆపాలా, తీయాలా అన్న కోరికను ఆపరేషన్‌కు ముందే ఒకసారి రాయించుకుని, తర్వాత రెండు స్థితుల్లోనూ అడిగి చూడాలి.

మీ విలేఖరులకు మా విన్నపం ఒకటే. మెదడు ఇంప్లాంట్ గురించి రాసేటప్పుడు కంపెనీ ప్రతినిధిని ట్రయల్ తర్వాతి నిధి ఎంత, ఎక్కడుంది అని అడగండి, జవాబు రాకపోతే రాలేదని అచ్చువేయండి. ఫలితం దక్కనివారి సంగతి కూడా అడగండి. కొనసాగింపు గురించి జరిగే కొద్దిపాటి చర్చా మేలు పొందినవారి చుట్టూనే తిరుగుతోంది. పరికరం పనిచేయనివారికీ దాన్ని తీయించుకునే ఖర్చు, తర్వాతి గాయం సంరక్షణ, తీసిన నెలల్లో మానసిక వైద్యుడి పర్యవేక్షణ అదే నిధి నుంచి అందాలి.

భవదీయులు,
నాడీ వైద్యం, మానసిక వైద్యం, పరిశోధనా నైతికత రంగాల్లో పనిచేస్తున్న కొందరు